చలికాలంలో అరిష్టం: కుండకు వెచ్చదనం ఎలా?

మార్గశిర మాసం ప్రవేశించేసరికి మా అరకు లోయలో వలిసె చేలు పసుపు దుప్పటి కప్పుకొంటాయి. సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్న ఈ మన్యంలో పగటి ఎండ హాయిగానే ఉంటుంది గాని, తెల్లవారుజామున ఉష్ణోగ్రత 10 డిగ్రీల లోపునకు దిగుతుంది. కొన్ని రాత్రులు 5 డిగ్రీలకు చేరడం కూడా కద్దు. దగ్గుతోనూ, ఉబ్బసంతోనూ, ఒళ్ళు నొప్పులతోనూ బాధపడేవారు వైద్యుని గుమ్మం తొక్కే కాలమిది. ద్రాక్షారిష్టానికి, కనకాసవానికి, బాలింతలకిచ్చే దశమూలారిష్టానికి ఎన్నడూ లేనంత గిరాకీ ఏర్పడుతుంది. విచిత్రమేమంటే, సరిగ్గా ఈ కాలంలోనే అవి తయారు కావడానికి మొరాయిస్తాయి.

కారణం తెలియనిదేమీ కాదు. ఆసవారిష్టాలు పొయ్యి మీద వండి ముగించే ఔషధాలు కావు. కషాయంలోనో, చల్లని నీటిలోనో బెల్లం, తేనె, ప్రక్షేప చూర్ణాలు కలిపి, పాత్ర మూతికి సంధిబంధనం చేసి, కొన్ని వారాలపాటు కదపకుండా ఉంచితే లోపల పులిసి తయారయ్యేవి. దీనినే మన శాస్త్రం సంధానమన్నది. పులియడానికి వెచ్చదనం కావాలి. ఇడ్లీ పిండి పొంగకపోయినా, తోడుపెట్టిన పాలు తెల్లవారినా పాలుగానే ఉండిపోయినా, పుష్యమాసంలో ప్రతి గృహిణీ చెప్పే మాట ఒక్కటే కదా, "చలికి పులవలేదండీ" అని.

హేమంత ఋతువులో చలిగాలి తాకిడికి దేహంలోని ఊష్మం బయటకు పోలేక లోపలనే నిరోధింపబడి, జఠరాగ్ని బలపడుతుందని చరకుడు సూత్రస్థానంలోని ఆరవ అధ్యాయంలో వివరించాడు. మనిషికి ప్రకృతి కల్పించిన ఆ సదుపాయం మట్టి కుండకు లేదు. దానిలోని వేడిని చలిగాలి రాత్రంతా పీల్చివేస్తూనే ఉంటుంది. కనుక ఆ నిరోధాన్ని మనమే కల్పించవలసి ఉంటుంది.

కుండలో జరిగేదేమిటి?

ప్రాచీనులు అరిష్టాలలో ధాతకీ పుష్పాలను విరివిగా వాడారు. మన వాళ్ళు ఆరెపువ్వు అని పిలిచే ఎర్రని చిన్న పువ్వు ఇదే. శీతకాలం చివర కొండవాలులలో విరగబూస్తుంది. ఈ పువ్వులో తేనె సమృద్ధి. ఆ తేనెను ఆశ్రయించి కంటికి కనిపించని ఈస్ట్ కణాలు ఉంటాయి. కషాయాన్ని మరిగించినప్పుడు అందులోని సూక్ష్మజీవులు నశిస్తాయి గనుక, చల్లారిన తరువాత వేసే ఈ పువ్వే కుండకు మళ్ళీ ప్రాణం పోస్తుంది. బెల్లంలోని తీపిని ఈస్ట్ ఆహారంగా తీసుకొని మద్యసారంగానూ, బొగ్గుపులుసు వాయువుగానూ మారుస్తుంది. మందు మొక్కలలోని గుణాలు ఆ స్వల్ప మద్యసారంలోకి దిగి, నెలల తరబడి చెడకుండా నిలుస్తాయి. చక్కగా తయారైన అరిష్టంలో సాధారణంగా 5 నుండి 10 శాతం వరకు ఈ స్వయంజనిత మద్యసారం ఉంటుంది.

పులియడమన్నది జీవుల పని అని ఫ్రాన్సు దేశపు శాస్త్రజ్ఞుడు లూయీ పాశ్చర్ 1857 నుండి వరుసగా వెలువరించిన పరిశోధనలలో నిరూపించాడు. 1876లో ఆయన కేవలం బీరు మీదనే ఒక పెద్ద గ్రంథం ప్రకటించాడు. మన పూర్వులకు ఆ జీవులు కనిపించలేదు గాని, వాటికి ఏమి కావాలో మాత్రం బాగా తెలుసు. పాత్రకు లోపల నెయ్యి పట్టించమన్నారు. గుగ్గులు, అగరు వంటి ద్రవ్యాలతో ధూపం వేయమన్నారు. పాత్రను ధాన్యరాశిలో గాని, భూమిలో గాని ఉంచమన్నారు. ఈ చివరి విధిని నేటి తయారీదారులు అనేకులు వదిలివేశారు. సమశీతోష్ణపు గదిలో ఉంచితే చాలునని వారి వాదన. ఆ గది నిజంగా సమశీతోష్ణంగా ఉండే ఊళ్ళలో నాకు ఆక్షేపణ లేదు.

ఈస్ట్‌కు 25 నుండి 32 డిగ్రీల మధ్య హాయి. 20 డిగ్రీల దిగువన బద్ధకిస్తుంది, 12 డిగ్రీల దిగువన దాదాపు నిద్రపోతుంది. చావదు, ఇది గుర్తుంచుకోదగిన సంగతి. పై వైపున మాత్రం అది అంత ఓర్పు గలది కాదు. 38 డిగ్రీలు దాటితే నీరసిస్తుంది, 45 దాటితే నశించడం మొదలవుతుంది. అంటే అతిశీతం కుండను ఆలస్యం చేస్తుంది, అత్యుష్ణం కుండను చంపుతుంది.

ఆలస్యమే కదా, నాలుగు రోజులు ఎక్కువ ఆగుదామని అనుకోరాదు. ఈస్ట్ త్వరగా విజృంభించి మద్యసారాన్ని, వాయువును నింపితేనే ఇతర సూక్ష్మజీవులు లోపల నిలవలేవు. అది నిద్రపోయినన్ని దినాలూ కుండ కాపలా లేని ఇల్లు వంటిది. ముందు ఉపరితలం మీద బూజు తెట్టు కడుతుంది. ఆ తరువాత పులుపు పుట్టించే జీవులు ప్రవేశిస్తాయి. మద్యగంధం రావలసిన చోట పుల్లని ఘాటు వస్తుంది. అలా చెడిన దానిని శాస్త్రం శుక్తమన్నది. శుక్తానికి ప్రయోజనాలు వేరే ఉండవచ్చు గాని, అది అరిష్టం మాత్రం కాదు.

నిద్రపోయిన కుండ, పని ముగించిన కుండ

ఈ వ్యాసంలో ముఖ్యమైన విషయం ఇదే. సంధానం జరుగుతున్నదీ లేనిదీ తెలుసుకోవడానికి వైద్యులు కొన్ని పరీక్షలు చేస్తారు. కుండకు చెవి ఆనిస్తే బుసబుసమని సన్నని శబ్దం వినిపించాలి. వెలిగించిన అగ్గిపుల్లను కుండ మూతి వద్దకు తీసుకొనిపోతే, లోపలి బొగ్గుపులుసు వాయువు వలన ఆరిపోవాలి. ఆ వాయువును గొట్టం ద్వారా సున్నపు తేటలోకి పంపితే అది పాలవలె తెల్లబడాలి. ప్రక్షేప చూర్ణాలు పైకి తేలుతూ ఉండాలి. శబ్దం ఆగి, అగ్గిపుల్ల ఆరకుండా వెలిగి, చూర్ణాలు అడుగుకు దిగినప్పుడు సంధానం పూర్తి అయినట్లు.

మైదాన ప్రాంతంలో ఈ లక్షణాలు చాలును. చలి ప్రదేశంలో మాత్రం ఇవే లక్షణాలు మోసం చేస్తాయి. చలికి నిద్రపోయిన కుండ కూడా పలకదు. దాని మూతి వద్ద కూడా అగ్గిపుల్ల నిక్షేపంగా వెలుగుతుంది. కదలిక లేనందున చూర్ణాలు అడుగున చేరతాయి. చూసేవారికి అరిష్టం సిద్ధమైనట్లే ఉంటుంది.

మా గురువుగారు మైదానం నుండి ఏటా ఒకసారి ఈ కొండలమీదికి వచ్చేవారు. రాగానే కాఫీ కూడా తాగకుండా నా కుండల గదిలోకి వెళ్ళి, ఒక్కొక్క దానికీ చెవి ఆనించేవారు. "ఏరా, ఇది పలకడం లేదేం?" అని అడిగితే, "ముప్పై రోజులైందండీ, అయిపోయిందనుకుంటాను" అని అక్కడ పనిచేసే కుర్రవాడు చెప్పబోయేవాడు. ఆయన నవ్వి, "రోజులు నువ్వు లెక్కపెట్టావు, కుండ లెక్కపెట్టలేదురా. రుచి చూడు" అనేవారు. రుచి చూస్తే నాలుకకు బెల్లపు పానకం తగిలేది.

ఆ రుచే మొదటి పరీక్ష. తీపి తగ్గి, కషాయపు వగరు, చేదు ముందుకు వచ్చి, గొంతులో సన్నని వెచ్చదనం తెలిస్తే పని ముగిసినట్లు. తీపి చిక్కగా, జిడ్డుగా మిగిలి ఉంటే నిద్రే. రెండవ పరీక్ష ఇంకా నమ్మకమైనది. ఒక గిద్దెడు ద్రవాన్ని శుభ్రమైన గాజు సీసాలోకి తీసి, దూది మూత పెట్టి, వెచ్చని చోట ఒక దినం ఉంచండి. బుడగలు లేస్తే కుండలో ఇంకా తీపి, ప్రాణం రెండూ ఉన్నాయని అర్థం. హైడ్రోమీటరు ఉన్నవారు సంధానం ప్రారంభించిన నాటి సాంద్రతను వ్రాసి పెట్టుకొని, అది దిగి, దిగిన చోట మూడు దినాలు నిలిచిందో లేదో చూడవచ్చు. ఆ నిలకడ కూడా కుండ వెచ్చగా ఉన్నప్పుడు చూసినదైతేనే లెక్క.

పరీక్షించకుండా సీసాలకు పోస్తే ఏమవుతుంది? కొన్ని సంవత్సరాల క్రితం ఒక చైత్రమాసంలో, విజయనగరం వైపు నుండి ఒక పెద్దాయన నా వద్దకు వచ్చారు. కూతురు ప్రసవించిందని, మన్యంలో తయారైనదన్న నమ్మకంతో, వేరొక చోట నాలుగు సీసాల దశమూలారిష్టం కొన్నారట. ఎండలు ముదిరేసరికి అలమారలోని రెండు సీసాలు పగిలి, గాజు పెంకులు పిల్ల ఉయ్యాల దాకా ఎగిరిపడ్డాయి. "మందులో ఏదో విషం కలిసిందా వైద్యులు గారూ?" అని ఆయన భయం. మిగిలిన సీసా తెరిచి చూశాను. విషమేమీ కాదు. చలిలో నిద్రపోయిన ఈస్ట్ మైదానపు వేసవిలో మేల్కొని, గట్టిగా బిగించిన మూత క్రింద మళ్ళీ పని ప్రారంభించింది. తయారుచేసిన వారి పేరు ఆయన చెప్పారు. ఇక్కడ వ్రాయవలసిన అవసరం నాకు కనిపించదు. ఆ పిల్లకు ఏమీ కాలేదు, అది చాలును.

వేడి పెట్టడం వేరు, వేడిని నిలపడం వేరు

చలి అనగానే కుండ పక్కన నిప్పు పెట్టాలని తోస్తుంది. నేను అంగీకరించను. పులిసే ద్రవం తన వేడిని తానే పుట్టించుకొంటుంది. లీటరు ద్రవంలో సుమారు 200 గ్రాముల చక్కెర పూర్తిగా పులిసి, అందులో పుట్టిన వేడి ఏమాత్రం బయటకు పోకుండా ఉంటే, ద్రవం ఉష్ణోగ్రత సుమారు 25 డిగ్రీలు పెరుగుతుంది. ఇంత వేడి కుండలోనే దాగి ఉండగా, బయటి నుండి మనం ఇవ్వవలసింది చాలా తక్కువ. పుట్టినది పోకుండా చూస్తే చాలు.

పెద్ద ఔషధశాలల వారి తొట్టెలు చలికాలంలో కూడా ఎందుకు పులుస్తాయో దీనినిబట్టి తెలుస్తుంది. వేలాది లీటర్ల తొట్టెకు ఘనపరిమాణం ఎక్కువ, దానితో పోలిస్తే గాలి తగిలే పైభాగం తక్కువ. పుట్టిన వేడి లోపలే నిలుస్తుంది. వారికి కొన్నిసార్లు చల్లబరచవలసిన చిక్కు కూడా వస్తుంది. సొంత రోగులకోసం పది, పదిహేను లీటర్ల బాన పెట్టుకొనే వైద్యునికి మాత్రం కథ తిరగబడుతుంది. చిన్న పాత్ర తొందరగా చల్లారుతుంది. ఉడుకు గ్లాసు కాఫీ, ఉడుకు గంగాళం నీళ్ళు పక్కపక్కన పెట్టి చూడండి.

ఇందుకు ప్రాచీనులు చెప్పిన ధాన్యరాశి కన్న మెరుగైన ఉపాయం నేటికీ లేదని నా అభిప్రాయం. గింజకూ గింజకూ నడుమ చిక్కుకొన్న గాలి కదలదు. కదలని గాలి వేడిని పోనివ్వదు. పైగా మార్గశిరమంటే కొత్త ధాన్యం ఇంటికి చేరే కాలం. కొద్దిపాటి చెమ్మ మిగిలిన కొత్త ధాన్యపు రాశిలోకి మోచేతి దాకా చేయి పోనిచ్చిన రైతుకు తెలుసు, లోపల ఎంత వెచ్చగా ఉంటుందో. ఆ గింజలు కూడా ప్రాణమున్నవే గనుక శ్వాసిస్తూ వేడి పుట్టిస్తాయి. అయితే చెమ్మ మరీ ఎక్కువైతే రాశి కాగి, బూజు పడుతుంది. ధాన్యమూ పోతుంది, మందూ పోతుంది. అందుకని ఎండి, కొట్టుకొన్న ధాన్యమే మేలు.

గాదెలూ గరిసెలూ లేని ఇళ్ళలో ధాన్యరాశి ఎక్కడిది? నేను వాడేది వరి ఊక. బానకు రెండింతల వెడల్పు గల పెద్ద వెదురు బుట్ట గాని, చెక్క పెట్టె గాని తీసుకొంటాను. అడుగున జానెడు మందాన ఊక పరచి, దానిమీద గడ్డితో చుట్టిన కుదురు పెట్టి, కుదురు మీద బానను నిలుపుతాను. నేల మీద నేరుగా పెట్టిన బాన నుండి వేడి అడుగు గుండానే ఎక్కువగా జారిపోతుంది. గచ్చు నేల అయితే మరీను. తరువాత చుట్టూ జానెడు మందాన ఊక కూరి, వాసెన కట్టిన మూతి పైన ఊకతో నింపిన దిండు వేసి, అంతటినీ ఒక బొంతతోనో కంబళితోనో కప్పుతాను. ఊక తడిస్తే పనికిరాదు. చేతికి చెమ్మ తగిలిన నాడే మార్చివేయాలి.

ఒక మార్గశిరంలో ఒకే కషాయాన్ని రెండు బానలకు పంచి, ఒకటి గదిలో గచ్చుమీద, రెండవది ఊక బుట్టలో పెట్టి చూశాను. నాలుగవ నాటి తెల్లవారుజామున గది గాలి 9 డిగ్రీలు ఉండగా, గచ్చుమీది బాన 13 డిగ్రీల వద్దను, ఊకలోని బాన 26 డిగ్రీల వద్దను ఉన్నాయి. మొదటిది మౌనం. రెండవది గది గుమ్మం దగ్గరకే వినిపించేటట్లు పలుకుతున్నది. థర్మామీటరును మందులో ముంచనవసరం లేదు. బాన గోడకు ఆనించి, ఊకలో గుచ్చి ఉంచితే చాలు.

మొదటి మూడు దినాలు

ఊక వేడిని నిలుపుతుంది గాని పుట్టించదు. చల్లని బానను ఊకలో పెడితే అది చల్లగానే నిలుస్తుంది. కనుక ప్రారంభం వెచ్చగా ఉండాలి. కషాయం పూర్తిగా చల్లారిన తరువాతనే బెల్లం, తేనె కలపాలని గ్రంథాలు చెబుతాయి. గ్రంథకర్తల దేశంలో చల్లారిన కషాయమంటే చేతికి హాయిగా తగిలేది. పుష్యమాసపు రాత్రి అరకులో చల్లారిన కషాయం వేళ్ళు కొంకర్లు పోయేటంత చల్లనిది. నేను దానిని 32, 33 డిగ్రీల వద్ద, అంటే మోచేతి మడతకు గోరువెచ్చగా తగిలే స్థితిలో, బానలో పోస్తాను. బానను కూడా అంతకుముందు మధ్యాహ్నం ఎండలో వెచ్చజేస్తాను. తేనె వేడి ద్రవంలో వేయరాదన్న నియమానికి ఇందువలన భంగం కలుగదు. ఆవిరి లేచేటంత వేడిలో ధాతకీ పుష్పాలు వేయడం మాత్రం పువ్వునూ, పనినీ రెంటినీ పాడుచేయడమే.

చలి మరీ ముదిరిన రోజులలో ఇంకొక పని చేస్తాను. మొత్తం ద్రవంలో పదవ వంతు ముందుగా వేరొక జాడీలోకి తీసి, కొన్ని ధాతకీ పుష్పాలతో వెచ్చని చోట రెండు దినాలు ఉంచి, నురుగు లేచిన తరువాత దానిని పెద్ద బానలో కలుపుతాను. ఇది అక్షరాలా గ్రంథోక్తమని నేను అనను. పాలకు తోడు వేయడం వంటిదని మాత్రం అనగలను.

బెల్లం పాళ్ళ గురించి కూడా ఒక మాట. పరిమాణాలు చెప్పని అరిష్టాలకు ద్రోణ ద్రవానికి తుల బెల్లం, అందులో సగం తేనె, పదవ వంతు ప్రక్షేపం అని శార్ఙ్గధరుడు నియమం చేశాడు. నేటి కొలతలలో ద్రోణం 12.288 లీటర్లు, తుల 4.8 కిలోలు. ద్రవాలను రెట్టింపుగా గ్రహించాలన్న పరిభాషను మరచి, ఈ లెక్కను ఉన్నది ఉన్నట్లు వేస్తే బానలోనిది పానకం కాదు, పాకం. అంత చిక్కని తీపిలో ఈస్ట్ వేసవిలోనే తడబడుతుంది, ఇక చలిలో చెప్పేదేమున్నది!

బానను మూడు పాళ్ళు మాత్రమే నింపి, నాలుగవ పాలు ఖాళీగా విడవండి. మొదటి నాలుగైదు దినాలు వాసెన గుడ్డ మాత్రమే కట్టి, పొంగు తగ్గిన తరువాత మట్టిగుడ్డతో సంధిబంధనం చేయాలి. మొదటనే బిగించిన బాన ఊక మధ్యలో పగిలితే, ఆ శుభ్రం చేసే పని పగవానికి కూడా వద్దు.

ఇతర ఉపాయాలు, కొన్ని అపాయాలు

మూడు, నాలుగు అడుగుల లోతున భూమి ఉష్ణోగ్రత ఏడాది సగటుకు దగ్గరగా నిలుస్తుంది. కనుక పాతర శీతకాలంలో గాలి కన్న వెచ్చన, వేసవిలో చల్లన. భూమిలో పాతిపెట్టమన్న విధిలోని రహస్యమిదే. నీరు ఊరని నేల అయితే మంచిది. అయితే గోతిలో బొగ్గుపులుసు వాయువు అడుగున పేరుకొంటుంది. తల వంచి లోపలికి తొంగిచూడడం, పిల్లలను దించడం చేయవద్దు.

నగరాలలో ఊక దొరకనివారు బానను వెడల్పాటి తొట్టెలో నిలిపి, బాన మెడ వరకు గోరువెచ్చని నీరు పోసి, ఉదయం సాయంత్రం కొంత నీరు తీసి వేడినీరు కలుపుకోవచ్చు. నీరు వేడిని మెల్లగా గ్రహించి మెల్లగా విడుస్తుంది గనుక ఒడుదుడుకులు ఉండవు. థర్మోకోల్ పెట్టె కూడా ఊక బుట్ట చేసే పనే చేస్తుంది.

వంటింట్లో పొయ్యి పక్కన పెట్టడం మన ఇళ్ళలో పాత అలవాటే. తరవాణి కుండకు అదే స్థానం. తరవాణి ఒకటి రెండు దినాల వ్యవహారం గనుక అక్కడ చెల్లింది. నెల రోజులు ఉండవలసిన అరిష్టానికి, వంట వేళ 38 డిగ్రీలు, అర్ధరాత్రి 14 డిగ్రీలు అయ్యే ఆ మూల తగదు. ఇలా ఎక్కి దిగే వేడి కన్న, ఎల్లవేళలా 22 డిగ్రీల వద్ద నిలిచిన కుండ కొంచెం నెమ్మదిగానైనా శుభ్రంగా పులుస్తుంది. పెంటకుప్పలో పాతడం ఇంకా తప్పు. మాగుతున్న పెంటలో వేడి 50 డిగ్రీలు దాటుతుంది.

కుంపటి సంగతి ప్రత్యేకంగా చెప్పవలసి ఉన్నది. తలుపులు మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టి, అదే గదిలో పడుకోవడం ప్రాణాంతకం. బొగ్గు సగం కాలినప్పుడు వెలువడే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుకు రంగు లేదు, వాసన లేదు. నిద్రలోనే మనిషిని తీసుకొనిపోతుంది. మందు కోసం గాని, మనుషుల కోసం గాని మూసిన గదిలో కుంపటి వద్దే వద్దు.

ఈ చిక్కు మన ఒక్కరిదే కాదు. గడ్డకట్టే చలి గల లద్దాఖ్‌లో బార్లీతో ఛాంగ్ అనే పానీయం పులియబెట్టేవారు పాత్రను కంబళ్ళతో చుట్టి ఉంచుతారు. ఇంగ్లండులో 1963 నుండి ఇంటిలో సొంతానికి బీరు కాచుకోవడానికి లైసెన్సు అవసరం లేకపోయింది. అమెరికాలో 1978లో చేసిన చట్టంతో కేంద్ర ప్రభుత్వపు అడ్డు తొలగింది. అక్కడి ఇళ్ళవారు చలికాలంలో బీరు బకెట్టును వేడినీటి ట్యాంకు ఉండే అలమారలో పెడతారు, దుప్పట్లు చుడతారు, నీళ్ళ తొట్టెలో నిలిపి చేపల తొట్టెకు వాడే చిన్న హీటరును ఆ నీటిలో వేస్తారు. వారి ఏల్ బీరుకు 18 నుండి 22 డిగ్రీలు చాలు. లాగర్ అనే మరొక రకానికైతే చలికి అలవాటుపడిన ఈస్ట్ వేరే ఉన్నది. అది 8 నుండి 13 డిగ్రీలలోనే పులుస్తుంది. మన ధాతకీ పుష్పంలోని ఈస్ట్ ఆ జాతిది కాదు గనుక, బీరు చలిలో పులుస్తుంది, అరిష్టమెందుకు పులవదని వాదించి లాభం లేదు. అన్నట్లు, ఆ దేశాలలోని మన తెలుగు ఆడపడుచులు ఇడ్లీ పిండి గిన్నెను ఓవెన్‌లో పెట్టి, ఓవెన్ వెలిగించకుండా, లోపలి దీపం మాత్రం వేసి ఉంచుతారు. చిన్న దీపపు వేడి, మూసిన పెట్టె. ఊక బుట్టకు అది చెల్లెలే.

మన దేశంలో మద్యం ఇంట్లో కాచుకోవడం అబ్కారీ చట్టాల పరిధిలోని వ్యవహారం. దానిని నేను ఇక్కడ ప్రోత్సహించడం లేదు. సొంత రోగుల కోసం ఔషధం తయారుచేసుకొనే వైద్యులకు 1940 నాటి ఔషధ చట్టంలో లైసెన్సు నుండి మినహాయింపు ఉన్నది. గృహస్థులు అరిష్టాలను వైద్యుని వద్దనో, లైసెన్సు గల ఔషధశాల నుండో తీసుకోవడమే క్షేమం. కొన్న సీసాను తెరవగానే బుస్సుమని పొంగినా, పానకం వలె తీయగా ఉన్నా, పుల్లని ఘాటు కొట్టినా దానిని తిరిగి ఇచ్చివేయండి.

నిద్రపోయిన కుండను మేల్కొల్పడం

తయారీలో ఉన్న వైద్య మిత్రుల కోసం ఈ నాలుగు మాటలు. కుండ నిద్రపోయినంత మాత్రాన మందు పోయినట్లు కాదు. బూజు, పుల్లని వాసన లేకుండా కేవలం తీపి మిగిలి ఉంటే, బానను గోరువెచ్చని నీటి తొట్టెలో నిలిపి, ఒక పూట వ్యవధిలో మెల్లగా 28 డిగ్రీలకు తీసుకురండి. మంటమీద పెట్టకండి. వేడినీళ్ళలో కడిగి ఆరబెట్టిన చెక్క తెడ్డుతో అడుగున పేరుకొన్న మడ్డిని ఒకసారి పైకి కదపండి. అందులోనే ఈస్ట్ పడుకొని ఉంటుంది. చురుకుగా పలుకుతున్న మరొక బాన ఉంటే దాని కిణ్వాన్ని దోసెడు తెచ్చి కలపవచ్చు. తరువాత ఊక బుట్టలోకి మార్చండి. రెండు, మూడు దినాలలో శబ్దం తిరిగి వస్తుంది. ఐదు దినాలకు కూడా రాకపోతే, లేదా తెట్టు కట్టి పులిసి ఉంటే, ఎంత ఖరీదైన మూలికలు పడినా సరే పారబోయవలసిందే. ఆ బానను మళ్ళీ సంధానానికి వాడకండి. మట్టి రంధ్రాలలో దాగిన పులుపు ఎన్ని కడుగులకూ పోదు.

మైదానంలో నెల దినాలకు సిద్ధమయ్యేది ఇక్కడ పుష్యంలో నలభై, నలభై ఐదు దినాలు తీసుకొంటుంది. బాలింతలకు కావలసిన దశమూలారిష్టాన్ని నేను అందుకే ఆశ్వయుజంలోనే, చలి దిగకముందే, బానలకు ఎత్తుతాను. మన్యంలో కొత్తగా వైద్యం ప్రారంభించినవారు ఈ ఒక్క ఏర్పాటు చేసుకొన్నా సగం చిక్కు తీరుతుంది.

సిద్ధమైన అరిష్టాన్ని పలుచని గుడ్డలో వడగట్టి, వారం దినాలు కదపకుండా ఉంచి, పైకి తేరిన తేటను మాత్రమే సీసాలకు పోయాలి. సీసా మెడ వద్ద రెండు అంగుళాలు ఖాళీ విడిచి, తయారైన తేదీ అంటించాలి. పెద్దవారికి సామాన్య మోతాదు 12 నుండి 24 మిల్లీలీటర్లు, సమానంగా నీరు కలిపి, రెండు పూటలా భోజనానంతరం. మధుమేహం, కాలేయ వ్యాధులు ఉన్నవారు, గర్భిణులు వైద్యుని అడగకుండా ఏ అరిష్టమూ పుచ్చుకోరాదు. పిల్లలకు, చంటిబిడ్డకు పాలిస్తున్న తల్లులకు కూడా మోతాదును వైద్యుడే నిర్ణయించాలి.